గోడలకి 5 స్టార్లు, మైకులకి సున్నా

మా రేడియో గదిని బాగుచేసిన హైదరాబాద్ కాంట్రాక్టరుకి 5కి 3 స్టార్లు ఇస్తున్నా. గోడల పనికి కళ్లు మూసుకుని పిలవండి, మైకులు మాత్రం మీరే కొనుక్కోండి.

మాది 90.4 ఎఫ్‌ఎం మీద వచ్చే కమ్యూనిటీ రేడియో. రూలు ప్రకారం ట్రాన్స్‌మిటర్ 100 వాట్లే, మహా అయితే 10-15 కిలోమీటర్లు వినిపిస్తుంది. గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించి ఏళ్లు నెట్టుకొచ్చాం. అవి బల్లులకి కాపురాలయ్యాయి తప్ప చప్పుడేం ఆపలేదు. వీళ్లు చెక్క ఫ్రేములు కొట్టి, గ్లాస్‌వూల్ (గాజు పీచు దూది) నింపి, పైన గుడ్డ బిగించారు. ఇప్పుడు చప్పట్లు కొడితే గది మింగేస్తోంది. తలుపు కింద రబ్బరు పట్టీ కూడా మరిచిపోలేదు.

పేచీ అంతా మైకు దగ్గరే. మంచిదని కండెన్సర్ మైకు, అంటే చిన్న చప్పుడు కూడా పట్టేసే రకం, అంటగట్టారు. రోడ్డు మీద ఆటో, వేపచెట్టు మీద కాకి, నెత్తిన ఫ్యాను అన్నీ లైవే! బతుకమ్మ పాటలు పాడే పెద్దమ్మ హెడ్‌ఫోన్ పెట్టుకుని విని, "మీ ఫ్యానే నాకంటే మంచిగ పాడుతుంది బిడ్డా" అన్నది. మార్చమంటే ఫోనెత్తరు. చివరికి కోఠి గుజరాతీ గల్లీకి పోయి రెండు షూర్ ఎస్‌ఎం58 డైనమిక్ మైకులు తెచ్చుకున్నా. నోటి దగ్గర పెట్టుకుంటేనే పలుకుతుంది, ఫాంటమ్ పవర్ (కండెన్సర్ మైకుకి తీగలోంచి పంపే కరెంటు) అక్కర్లేదు, చేయి జారి పడ్డా ఏం కాలేదు.

ఇంకో తలనొప్పి, ఎర్తింగు. మైకుల సౌండు కలిపే మిక్సర్‌కి ఒక గదిలోంచి, కంప్యూటర్‌కి ఇంకో గదిలోంచి కరెంటు లాగారు. రెండు ఎర్తింగులు కలవక ప్రోగ్రాం పొడుగునా తుమ్మెద రొదే. మా ఊరి ఎలక్ట్రీషియన్ రెండింటినీ ఒకే బోర్డు మీదికి తెచ్చి గంటలో ఆపేశాడు. తీసుకున్నది 200 రూపాయలు, ఒక చాయ్.