‘చదవనివి: 0’, ఫీడ్ రీడర్‌తో ఆరేళ్ళ కాపురం

రాత్రి పదిన్నర అయ్యేసరికి ఫోన్లో నా ఫీడ్ రీడర్ పేజీ పైన ‘చదవనివి’ పక్కన అంకె సున్నాకి దిగుతుంది. వేలితో ఎంత లాగినా కింద ఇంకేం రాదు. ఫోన్ బోర్లా పెట్టి పడుకుంటాను.

ఆరేళ్ళుగా దీన్ని వదలకుండా వాడుతున్నానంటే కారణం అదొక్కటే. ఇది అయిపోతుంది. భోజనం అయ్యాక విస్తరి మడిచి లేచినట్టు ఉంటుంది. మిగతా యాప్‌లన్నీ పెళ్ళి బంతిలో వడ్డించేవాళ్ళ బాపతు. చెయ్యి అడ్డం పెట్టినా వేస్తారు, వద్దన్నది మరీ ఎక్కువ వేస్తారు, మనల్ని మాత్రం లేవనివ్వరు.

సరంజామా గురించి పెద్దగా చెప్పను. రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు, దాని మీద ఫ్రెష్‌ఆర్‌ఎస్‌ఎస్ అనే ఫీడ్ రీడర్. ఎలా ఎక్కించాలో చూపించే వీడియోలు బోలెడున్నాయి. ఆర్‌ఎస్‌ఎస్ అంటే ఏంటని అడిగేవాళ్ళకి మాత్రం ఒక్క ముక్క: మీరు పాడ్‌కాస్టులు వింటారు కదా, కొత్త ఎపిసోడ్ వచ్చిందని మీ యాప్‌కి తెలిసేది చాలావరకు దీని వల్లే. సైటువాళ్ళు కొత్తగా ఏం పెట్టినా ఒక జాబితా ఫైల్లో రాసి ఉంచుతారు, దాన్నే ఫీడ్ అంటారు. మన డబ్బా గంటకోసారి వెళ్ళి, అది మారిందా లేదా చూసి వస్తుంది. 1999 నాటి సరుకు. 2013 జూలై 1న గూగుల్ రీడర్ మూతపడ్డప్పుడు దీని పని అయిపోయిందని నేను కూడా అనుకున్నాను. తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే కూడలి, హారం, మాలిక తెరిచి ఎవరు ఏం రాశారో చూసుకున్న రోజుల్లాగే ఇవీ పోయాయనుకున్నా. 2019 చివర్లో ఆ బోర్డు చేతికొస్తే ఏం చెయ్యాలో తోచక ఇది ఎక్కించాను.

నాది విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపులో లెక్కలు రాసే ఉద్యోగం. పగలంతా బేరింగులు, జీఎస్టీ. రాత్రి మాత్రం నాకు పాటలు కావాలి, ఆటలు కావాలి, ఎక్కడో ఎవరో చేసిన వింత యంత్రం కావాలి. హ్యాకర్ న్యూస్ అని టెక్ సంగతుల లింకులు పెట్టే సైటు మొత్తం వేసుకుంటే ఉక్కిరిబిక్కిరే, అందుకని చదివేవాళ్ళు వేసిన పాయింట్లు వంద దాటినవే వచ్చేలా పెట్టుకున్నా. బార్సిలోనాలో సోలార్ పలక మీద నడిచే లో-టెక్ మ్యాగజైన్ సైటు ఉంది. అక్కడ మబ్బు ఎక్కువ రోజులు పడితే సైటే ఆగిపోతుంది, ఆ సంగతి వాళ్ళే ముందుగా చెబుతారు. కరెంటు కోతల మధ్య పెరిగినవాణ్ణి, నాకు వాళ్ళ మీద ఎక్కడలేని అభిమానం. డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అనే ఆటని ఆడమ్స్ అన్నదమ్ములిద్దరు 2002 నుంచి చెక్కుతూనే ఉన్నారు. ఇవాళ ఏం బాగుచేశారో రాస్తే దాన్ని డైలీ సీరియల్‌లా చదువుతాను. ఆ ఆటలో ఒకసారి పిల్లులు ఊరికే చచ్చిపోతున్నాయట. తీరా చూస్తే సారాకొట్లో నేల మీద ఒలికింది పాదాలకి అంటుకుని, పిల్లి కదా, పాదాలు నాక్కుని, తాగి చస్తున్నాయి. ఎవరూ కావాలని పెట్టింది కాదు, లెక్కలో అలా తేలింది. మా షాపు ముందు టీ కొట్టు దగ్గర ఈ కథ చెబితే లేత్ మెకానిక్ ఒకాయన గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వాడు. ఇప్పటికీ నన్ను చూస్తే "పిల్లులెలా ఉన్నాయండీ" అంటాడు.

యూట్యూబ్ ఛానెల్‌కి కూడా ఫీడ్ ఉంటుందని చాలామందికి తెలియదు. చివరి 15 వీడియోలు అందులో కనిపిస్తాయి. నా పాటలన్నీ అలాగే వస్తాయి. అమెరికా రేడియో ఎన్‌పీఆర్ వాళ్ళ టైనీ డెస్క్ కచేరీలు ఒకవైపు, ఆకాశవాణి విజయవాడ కేంద్రం పాత భక్తిరంజని రికార్డులు ఎక్కించే ఒక సేకర్త ఛానెల్ ఇంకోవైపు. ఒక రాత్రి నేను ఇయర్‌ఫోన్లు పెట్టుకోకుండా అందులో ఒకటి నొక్కాను. లోపల గదిలో పడుకున్న అమ్మ లేచొచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. "ఇది పొద్దున్నే కదరా వచ్చేది, ఈ వేళప్పుడేంటి" అంది. పాట అయ్యేదాకా నిలబడే వింది. తర్వాత "రేడియో బాగుచేయించావా?" అని అడిగింది. మా ఇంట్లో రేడియో పోయి పాతికేళ్ళయింది.

ఇలా మొదటి ఐదేళ్ళు దీన్ని చూసి నేను పొంగిపోతూ ఉన్నాను. దొరికిన ప్రతివాడికీ "ఒక్కటి కూడా తప్పిపోదండీ" అని చెప్పేవాణ్ణి. ఆ మాట ఇప్పుడంత గట్టిగా చెప్పలేను.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. మాది సింగ్‌నగర్‌లో కింది పోర్షను. తెల్లవారేసరికి గుమ్మంలో చీలమండ దాకా నీళ్ళు. కాఫీ పెట్టేలోపు మోకాలు. ఆ వరదల్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది, అంత ప్రవాహం ముందెప్పుడూ లేదు. అందరి కళ్ళూ కృష్ణ మీదే. మా కొంప ముంచింది మాత్రం బుడమేరు వాగు. మెయిన్ ఆపేసి సామాను పైకి మోయడం మొదలుపెట్టాం. గ్యాస్ బండ, బియ్యం డ్రమ్ము, మిక్సీ, కాగితాల సంచి, నాన్న ఫొటో. ఓనరు పిన్నిగారు పైనుంచి "ముందు మందులు తెచ్చుకోండమ్మా" అని అరుస్తున్నారు. ఐదేళ్ళ నా వైభవం టీవీ స్టాండ్ కింది అరలో, బెజ్జాలు పొడిచిన షూ డబ్బాలో ఉంది. అది గుర్తొచ్చేసరికి మేడమెట్లలో మూడో మెట్టు మునిగింది. దిగబోతే అమ్మ చొక్కా పట్టుకుంది.

తొమ్మిది రోజులు పైనే. సిగ్నల్ వస్తే పదినిమిషాలు, పోతే పూటంతా. డ్రోన్ల గురించి ఆ ఫీడ్లలో ఎన్ని వ్యాసాలు చదివానో లెక్కలేదు. అన్నం పొట్లాలు మోసుకొచ్చే డ్రోన్‌ని మొదటిసారి చూసింది మా పిన్నిగారి డాబా మీద. ఇంకో మాట కూడా చెప్పాలి. డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ ఆడేవాళ్ళలో ‘ఓడిపోవడంలోనే మజా’ అని ఒక నానుడి ఉంది. కోటలోకి నీళ్ళొచ్చి అందరూ పోతే ఆ మాట అనుకుని నవ్వుకుంటారు. నేనూ నవ్వుకునేవాణ్ణి. ఆ తర్వాత చాలా నెలలు ఆ ఆట తెరవబుద్ధి కాలేదు.

నీళ్ళు తీశాక కిందకి దిగితే గచ్చు మీద జానెడు ఒండ్రు. ఫైరింజన్ గొట్టంతో వీధి వీధంతా కడుగుతున్నారు. షూ డబ్బా అట్ట గుజ్జయిపోయి, పట్టుకుంటే చేతికి ముద్దగా వచ్చింది. లోపల బోర్డు, యూఎస్‌బీ రంధ్రాల నిండా బురద, పిన్నుల మీద అప్పుడే పచ్చగా చిలుము. నష్టం రాసుకోడానికి వచ్చినమ్మాయి దాన్ని చూసి, "ఇదేంటండీ?" అంది.

"చిన్న కంప్యూటరమ్మా."

"ల్యాప్‌టాపా?"

"కాదు."

కాసేపు ఫోన్లో పైకీ కిందకీ చూసి, "ఫ్రిజ్ ఉందా అండీ?" అని అడిగింది. పాపం, ఆ అమ్మాయి మాత్రం ఏం చేస్తుంది. నాకే దాని పేరు తెలుగులో చెప్పడం రాలేదు.

ఎస్‌డీ కార్డు మీద ఆశ ఉండేది. మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, సాయంగా ఇచ్చిన పాతిక కిలోల బియ్యంలో గుచ్చి మూడు రోజులు ఉంచాను. అమ్మ బియ్యం కొలవబోయి చేతికి తగిలితే "ఇందులో గోరు ముక్కలాంటిదేదో ఉందిరా" అని పారేయబోయింది. అంత కాపాడినా లాభం లేకపోయింది. పెట్టిన ఏ కంప్యూటరూ దాన్ని గుర్తుపట్టలేదు. బ్యాకప్ ఏదని అడక్కండి. బ్యాకప్ పెన్‌డ్రైవ్ అదే షూ డబ్బాలో ఉంది.

గుంటూరు బ్రాడీపేటలో మా అక్క కొడుకున్నాడు. 2022లో ఎప్పుడో, వీడు రీల్సు చూసి పాడైపోతున్నాడని నా ఫీడ్ల జాబితా మొత్తం ఓపీఎంఎల్ ఫైలుగా తీసి వాట్సాప్‌లో పంపాను, "ఇవి చదవరా" అని. వాడు బొటనవేలు బొమ్మ పెట్టాడు. అంతే. ఇప్పుడు ఫోన్ చేసి అడిగితే రెండు నిమిషాలు గాలించి, "మావయ్యా, ఫీడ్స్ అని ఒకటుంది, ఇదేనా?" అన్నాడు.

"అదేరా! నువ్వెప్పుడైనా తెరిచావా?"

"అది తెరుచుకోదు మావయ్యా."

తెరుచుకోదు. నిజమే, మామూలు ఫోన్‌కి దాన్ని ఏం చేసుకోవాలో తెలియదు. కానీ వాడి ఫోన్లో వచ్చిన ప్రతి ఫైలూ దానంతటదే దిగిపోయేలా ఉంది. అలా పెట్టుకోవద్దని, మెమరీ నిండిపోతుందని వాణ్ణి తిట్టింది నేనే. యాభై కేబీ కూడా లేని ఆ ఫైలు వాడి బద్ధకం వల్ల రెండేళ్ళు క్షేమంగా ఉంది.

డబ్బులు సర్దుకుని కొత్త బోర్డు కొనేసరికి సంక్రాంతి దాటింది. ఆ నాలుగు నెలలూ మళ్ళీ ఆ యాప్‌ల బంతిలోనే కూర్చున్నాను, రాత్రి ఒంటిగంట దాకా. ఆ తిరగడంలో ఒక్కటంటే ఒక్క మంచి సంగతి గుర్తులేదు. ఫైలు ఎక్కించగానే 214 ఫీడ్లు గలగలా వచ్చేశాయి. ఆ ముచ్చట వాడిన వాళ్ళకే తెలుస్తుంది. తర్వాత ఒక్కొక్కటిగా లోట్లు కనిపించాయి. ఓపీఎంఎల్‌లో ఉండేది చిరునామాలు మాత్రమే. నేను నక్షత్రం పెట్టి దాచుకున్న పాటలు, వ్యాసాలు అందులో ఉండవు. అవన్నీ బుడమేట్లో పోయాయి. మాలి దేశపు గిటారు వాయించే ఒకాయన కచేరీ ఉండేది, ఆయన పేరు గుర్తులేదు. ఎడమ మోకాలి మీద ఎర్ర రుమాలు పరుచుకుని దాని మీద గిటారు ఆనించి వాయిస్తాడు. ఆ వరస మాత్రం ఇప్పటికీ నోట్లో ఆడుతుంది. కూనిరాగం తీస్తే పాట వెతికిపెట్టే సదుపాయం కూడా ప్రయత్నించాను. నా గొంతుకి దాదాపు ఏ పాటైనా దొరుకుతుంది, అది తప్ప.

ఇక ‘ఒక్కటీ తప్పిపోదు’ సంగతి. చాలా ఫీడ్లలో చివరి పదో పదిహేనో మాత్రమే ఉంటాయి. డబ్బా రోజూ వెళ్ళి తెచ్చుకుంటున్నంతకాలం ఇబ్బంది లేదు. నాలుగు నెలలు పడుకుంటే ఆ మధ్యలోవి గల్లంతే. పాలవాడు రోజూ వస్తాడు నిజమే, గిన్నె మనం బయట పెట్టాలి. ఐదేళ్ళు అందరికీ చెప్పిన గొప్పల్లో ఈ చిన్న షరతు నాకే తెలియదు.

ఇంకోటి, 2022 తర్వాత నేను చేర్చుకున్నవి 98 దాకా ఉండాలి. వాటిలో గుర్తుచేసుకుని, వెతుక్కుని మళ్ళీ పెట్టుకున్నవి 17. మిగతావేంటో ఇప్పటికీ తెలియదు. రోజూ చదివాననే అనుకున్నాను మరి. ఆ సున్నా గురించి కూడా ఒప్పుకోవాల్సింది ఉంది. ఇయర్ ఎండింగ్ రోజుల్లో కళ్ళు మూతలు పడుతుంటే ‘అన్నీ చదివినట్టే’ అనే బటన్ నొక్కేసి సున్నా చేసిన రాత్రులు తక్కువేం కాదు. తిన్నానని చెప్పి విస్తరి మడిచేసినట్టన్నమాట.

అసలు లోటు ఇంకొకటి. దీనికి కొత్తదాన్ని చూపించడం రాదు. నేను చెప్పిన ఇళ్ళకే వెళ్ళి వస్తుంది. మాట్లాడుకోడానికి అక్కడ మనుషులు ఉండరు. లింకు తీసి షాపు గ్రూపులో వేస్తే నమస్కారం బొమ్మ వస్తుంది. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లలో ఒక గంట తిరిగితే వెతకనిదేదో చేతికి తగులుతుంది కదా, ఆ సుఖం ఇందులో లేదు. కొత్తవి నాకు తెచ్చేది మా మేనల్లుడే. వాడు రాత్రుళ్ళు గేమ్ ఆడుతూ డిస్కార్డ్‌లో ఎవరెవరితోనో వాదించి, "మావయ్యా, ఇది చూడు" అని ఒక ముక్క పంపుతాడు. నేను దాని ఫీడ్ వెతికి డబ్బాలో వేసుకుంటాను. నేను పంపితే వాడు చదవడు, వాడు పంపితే నేను వదలను.

కొనుక్కోమంటారా అంటే ఏం చెప్పను. నాకు చెల్లింది. పెళ్ళి కాలేదు, అమ్మ తొమ్మిదికే పడుకుంటుంది, రాత్రి రెండు గంటలు నావి. ఆదివారం కూర్చుని సర్వర్ అప్‌డేట్లు చేసుకోవడం నాకు విసుగనిపించదు. చిన్నపిల్లలున్న ఇంట్లో అయితే ఇంకోలా ఉండొచ్చు. బోర్డు గొడవ లేకుండా ఫీడ్‌లీ, ఐనోరీడర్ లాంటివి ఉచితంగా మొదలుపెట్టొచ్చు, అయిపోయే సుఖం అక్కడా ఉంటుంది. ఇంట్లోనే పెట్టుకోవాలనేది నా పిచ్చి. పెట్టుకునేవాళ్ళు మాత్రం టీవీ స్టాండ్ కింద పెట్టకండి. నాది ఇప్పుడు అటక మీద ఉంది. ఎండాకాలం అక్కడ ఉడికిపోతుందేమోనని చిన్న ఫ్యాను కూడా బిగించాను. దాని రొద అమ్మకి నచ్చదు గానీ, వాన మొదలైతే మాత్రం "అది పైనే ఉంది కదా" అని ఒకసారి అడుగుతుంది.

ప్రతి నెలా ఒకటో తారీఖున ఫైలు తీసి ముగ్గురికి పంపుతున్నాను. మొన్న పంపితే మేనల్లుడు ఫోన్ చేశాడు, "ఇందులో నేను చెప్పినవి ఎన్ని మావయ్యా?" అని. లెక్కపెట్టి చెప్పాను. ముప్పై ఒకటి.