కింగ్‌స్టన్ 8 జీబీ డీడీఆర్3ఎల్ ర్యామ్: పాత ల్యాప్‌టాప్‌కు కొనే ముందు చూడవలసినవి

పాత ల్యాప్‌టాప్‌కు ర్యామ్ కొనేవారిలో చాలామంది ఎన్ని జీబీలు, ఎంత వేగం అన్న రెండే చూస్తారు. ఆ రెండూ సరిగ్గానే ఉన్నా, స్టిక్ (చిప్‌లు అమర్చిన ర్యామ్ పలక) పెట్టిన తరువాత తెర నల్లగానే ఉండిపోయే అవకాశం ఉంది. డీడీఆర్3ఎల్ వాడే తరం ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది కనుక, ఏ వోల్టేజీతో నడిచే స్టిక్‌ను, ఎంత సాంద్రత గల (ఒక్కోటి ఎంత డేటా పట్టే) చిప్‌లను అది గుర్తించగలదన్నది ప్రాసెసర్ తయారైనప్పుడే ఖాయమైపోతుంది. తరువాత మనం ఎంత మంచి బ్రాండు తెచ్చినా దానిని మార్చలేము. కింగ్‌స్టన్ వాల్యూర్యామ్ శ్రేణిలోని కేవీఆర్16ఎల్‌ఎస్11/8 అనే స్టిక్‌ను ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్ ఉన్న థింక్‌ప్యాడ్ టీ440పీ ల్యాప్‌టాప్‌లో వాడిన అనుభవంతో, ఈ దృష్టితోనే ఈ సమీక్ష రాస్తున్నాను.

ఈ ఉత్పత్తిలో నాకు అన్నిటికంటే నచ్చినది దాని పేరే. చూడటానికి అర్థంలేని అక్షరాల వరుసలా ఉన్నా, కొనేవారికి కావలసిన సమాచారమంతా అందులోనే ఉంది. కేవీఆర్ అంటే వాల్యూర్యామ్. 16 అంటే 1600 వేగం, అంటే సెకనుకు 1600 మిలియన్ సార్లు డేటా మార్పిడి. ఎల్ అంటే తక్కువ వోల్టేజీ, అంటే 1.35 వోల్టులు, ఎస్ అంటే ల్యాప్‌టాప్‌లలో వాడే చిన్న స్టిక్, అంటే సోడిమ్, 11 అంటే సీఎల్ 11 టైమింగ్ (అడిగిన డేటా రావడానికి పట్టే క్లాక్‌ల సంఖ్య), చివరి 8 అంటే జీబీల సంఖ్య. ఇదే కంపెనీ కేవీఆర్16ఎస్11/8 అనే మరో స్టిక్‌ను కూడా తయారుచేసింది. పేరులో తేడా ఒక్క ఎల్ అక్షరమే, కానీ అది 1.5 వోల్టుల సాధారణ డీడీఆర్3; ఎల్ ఉన్నది డీడీఆర్3ఎల్. రెండింటికీ 204 పిన్నులే, గాటు కూడా ఒకేచోట ఉంటుంది. అందువల్ల పొరపాటున ఎల్ లేనిది తెచ్చినా స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, క్లిప్పులు కూడా పడతాయి. నాలుగో తరం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు మాత్రం 1.35 వోల్టుల మెమరీ కోసమే రూపొందినవి కనుక, అలాంటి స్టిక్‌తో చాలావరకు స్టార్ట్ కావు. అప్పుడు దోషం స్టిక్‌ది కాదు, ఎంపికది.

దీనికి విరుద్ధంగా, ఎల్ ఉన్న ఈ స్టిక్‌ను 1.5 వోల్టులు అందించే రెండో తరం, మూడో తరం ల్యాప్‌టాప్‌లలో పెట్టడానికి అడ్డంకి లేదు, ఎందుకంటే ఇది రెండు వోల్టేజీలలోనూ పనిచేస్తుందని కంపెనీ డేటాషీట్‌లోనే ఉంది. సందేహం ఉన్నప్పుడు ఎల్ ఉన్నదాన్నే ఎంచుకోవడం మేలని నేను చెప్పడానికి కారణం ఇదే.

వోల్టేజీ తరువాత చూడవలసినది చిప్‌ల సాంద్రత, దీని గురించి అమ్మేవారు కూడా అరుదుగా చెబుతారు. ఈ స్టిక్‌పై ఒక్కో వైపు ఎనిమిది చొప్పున మొత్తం పదహారు నల్లని చిప్‌లు ఉంటాయి. 8 జీబీని పదహారింటికి పంచితే ఒక్కో చిప్‌కు అర జీబీ, బైటుకు ఎనిమిది బిట్ల లెక్కన 4 గిగాబిట్‌లు అవుతుంది. నాలుగో తరం ఇంటెల్ కంట్రోలర్ గుర్తించగల గరిష్ఠ సాంద్రత అంతే. అందుకే ఒక్కటే 16 జీబీ డీడీఆర్3ఎల్ స్టిక్ కొని రెండో స్లాట్ ఖాళీగా ఉంచుకుందామనే ఆలోచన ఈ యంత్రాలలో సాగదు. ఆ స్టిక్‌లలో 8 గిగాబిట్ల చిప్‌లు ఉంటాయి, వాటిని గుర్తించే శక్తి ఇంటెల్‌లో ఐదో తరంతో గానీ రాలేదు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన పాత స్టిక్‌ను బయటికి తీసి లేబుల్ చూస్తే చాలావరకు 2ఆర్ఎక్స్8 పీసీ3ఎల్-12800ఎస్ వంటి వరుస కనిపిస్తుంది. 2ఆర్ అంటే రెండు ర్యాంకులు (కలిసి పనిచేసే చిప్‌ల గుంపులు), ఎక్స్8 అంటే ఒక్కో చిప్ వెడల్పు ఎనిమిది బిట్లు, 12800 అంటే సెకనుకు 12,800 మెగాబైట్లు, సారికి 8 బైట్ల చొప్పున అది 1600 వేగమే. సాఫ్ట్‌వేర్ ఏం చెప్పినా ముందు ఆ లేబుల్‌నే నమ్మాలి. విండోస్‌లో సీపీయూ-జెడ్, లైనక్స్‌లో డీఎంఐడీకోడ్ అనే ప్రోగ్రాములు ఇవే వివరాలు చూపిస్తాయి గానీ, గరిష్ఠ పరిమితి విషయంలో బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్) ఇచ్చే సమాచారం కొన్నిసార్లు తప్పుగా ఉంటుంది.

అమర్చడంలో చెప్పుకోదగిన ఇబ్బంది లేదు. బ్యాటరీ తీసి, మిగిలిన ఛార్జి పోయేలా పవర్ బటన్‌ను కొద్దిసేపు నొక్కి పట్టి, అడుగున ఉన్న రెండు స్క్రూలు వదులుచేసి మూతను పక్కకు జరిపితే రెండు స్లాట్లూ కనిపిస్తాయి. స్టిక్‌ను ఏటవాలుగా, బంగారు రంగు అంచు దాదాపు కనుమరుగయ్యేంత వరకు లోపలికి నెట్టి, ఆ తరువాతే కిందికి నొక్కాలి; అంచు ఇంకా కనిపిస్తుండగానే నొక్కితే క్లిప్పులు పడినట్టే ఉంటాయి గానీ స్టిక్ గుర్తింపబడదు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కొంత ఆలస్యంగా వెలగవచ్చు, కంగారుపడి పవర్ తీసేయకూడదు. బయోస్‌లో పాత 4 జీబీతో కలిపి 12,288 మెగాబైట్లు కనిపించిన తరువాత, మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ప్రోగ్రామ్‌ను రాత్రంతా నడిపించాను. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు.

4, 8 జీబీల స్టిక్‌లు కలిపి పెట్టినప్పుడు డ్యూయల్ ఛానెల్ (రెండు స్టిక్‌లనూ ఒకేసారి వాడి వేగం పెంచే పద్ధతి) పూర్తిగా పోతుందనే మాట తరచూ వినిపిస్తుంది. నిజానికి ఇంటెల్ ఫ్లెక్స్ మోడ్ అనే ఏర్పాటులో రెండింటి నుంచి 4 జీబీ చొప్పున, మొత్తం 8 జీబీ డ్యూయల్ ఛానెల్‌లో నడుస్తుంది, మిగిలిన 4 జీబీ మాత్రమే సింగిల్ ఛానెల్‌లో ఉంటుంది. బ్రౌజర్‌లో చాలా ట్యాబ్‌లు తెరిచి ఉంచేవారికి, పెద్ద స్ప్రెడ్‌షీట్లతో పనిచేసేవారికి ఈ తేడా తెలియదు. ర్యామ్ చాలక హార్డ్ డిస్క్ అస్తమానం కరకరలాడటం ఆగిపోవడమే వారికి కనిపించే మార్పు. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో ఆటలు ఆడేవారికి మాత్రం రెండు 8 జీబీ స్టిక్‌లు పెట్టుకోవడమే సరైన పని, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్ ఈ మెమరీనే పంచుకుంటుంది.

1866, 2133 వేగాల స్టిక్‌లకు ఎక్కువ డబ్బు పెట్టడం నా దృష్టిలో వృథా. ఈ తరం ల్యాప్‌టాప్‌ల కంట్రోలర్‌కు ఇంటెల్ అధికారికంగా చెప్పిన వేగం 1600 వరకే. రెండు వేర్వేరు వేగాల స్టిక్‌లు కలిస్తే తక్కువ వేగానికే రెండూ నడుస్తాయి.

ఈ స్టిక్ అందరికీ పనికిరాదు. మొదటి తరం కోర్ ప్రాసెసర్‌లు 2 గిగాబిట్ల చిప్‌ల దగ్గరే ఆగిపోతాయి కనుక వాటికి ఈ 8 జీబీ స్టిక్ దండగ; వాటికి 4 జీబీ స్టిక్ కొన్నా పదహారు చిప్‌లున్నదే వెతకాలి, ఎనిమిది చిప్‌లదైతే అదీ పనిచేయదు. డీడీఆర్4 స్లాట్‌కు 260 పిన్నులు, గాటు వేరేచోట, కాబట్టి అందులో ఇది ఎక్కనే ఎక్కదు. మెమరీ బోర్డుకే అతికించి ఉన్న సన్నని మోడళ్లవారికి అసలు ఈ చర్చే అవసరం లేదు. ఇక 32 బిట్ల విండోస్ వాడుతున్నవారు ముందు 64 బిట్లకు మారాలి, లేకపోతే కొత్త స్టిక్ పెట్టినా 4 జీబీకి మించి వాడకంలోకి రాదు.