మెష్ ప్యాడ్ల పేరుతో రబ్బరు ప్యాడ్లు అంటగడుతున్నాడు, జాగ్రత్త

ఇది రాస్తుంటేనే కుడి బొటనవేలి మొదట్లో సలుపుతోంది. అయినా ఈ రోజే రాయాలి, ఆన్‌లైన్‌లో పాత డ్రమ్ కిట్లు అమ్మే ఒకతని దగ్గర ఇంకొకరు కొనకముందే రాయాలి. ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్ల కోసం వెతుకుతున్నవారిలో చాలామందికి ఇతను ఎవరో ఈపాటికే అర్థమై ఉంటుంది. ప్రతి ప్రకటనలోనూ 'కొద్దిగా వాడినది, కొత్తదానితో సమానం' అని రాసేది ఇతనే.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. నలభై ఆరో ఏట డ్రమ్స్ నేర్చుకోవడం మొదలుపెట్టాను, ఇప్పుడు నలభై తొమ్మిది. రెండు బొటనవేళ్ల మొదట్లో కీళ్లు అరిగాయి. పొద్దున లేవగానే మణికట్లు బిగుసుకుపోయి ఉంటాయి. పెడల్ తొక్కే మోకాలు మెట్లెక్కేటప్పుడు నొప్పి పెడుతుంది. డాక్టరు మానేయమనలేదు. చేతులకు అదురు తగలకుండా చూసుకోమన్నారు, పుల్లలను బిగించి పట్టుకోవద్దన్నారు, మధ్యమధ్య ఆగమన్నారు. అందుకే మెష్ ప్యాడ్ల కిట్ కోసం ఏడాది పాటు డబ్బు కూడబెట్టాను.

మెష్ మీద ఎందుకంత పట్టు అని అడిగేవారికి చెబుతాను. ఎలక్ట్రానిక్ కిట్‌లో డ్రమ్ములకు బదులు పుల్లలతో కొట్టే పలకలే ప్యాడ్లు. మెష్ అంటే వాటి మీద బిగించే వలలాంటి గుడ్డ. మామూలు డ్రమ్ము తోలును బిగించినట్టే దాన్నీ మరలతో బిగించుకోవచ్చు, వదులు చేసుకోవచ్చు. 1997లో రోలాండ్ కంపెనీ తెచ్చిన వీ-డ్రమ్స్ అనే ఎలక్ట్రానిక్ కిట్లతో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. దెబ్బ పడగానే కాస్త కుంగి పుల్లను పైకి తోస్తుంది. ఆ ఎగురును వాడుకోవడం అలవాటైతే పుల్లను వేళ్లతో బిగబట్టి లాగే పని బాగా తగ్గుతుంది. రబ్బరు ప్యాడ్ గట్టిది, కుంగదు. కొట్టిన దెబ్బలో కొంత పుల్ల వెంట తిరిగి మణికట్టుకే వస్తుంది. ఇరవై ఏళ్లవాళ్లకు అది తెలియకపోవచ్చు. నాకు పది నిమిషాల్లో తెలిసిపోతుంది, మర్నాడు సీసా మూత తిప్పేటప్పుడు మళ్ళీ తెలుస్తుంది.

ఇదంతా అతనికి ఫోనులో విడమరిచి చెప్పాను. పూర్తిగా తెలియనివాడి ముందు నా నొప్పి, నా ఇష్టం రెండూ పరిచాను. అతను శ్రద్ధగా విన్నాడు. తన అన్నయ్యకూ ఇదే బాధ అన్నాడు. అన్ని ప్యాడ్లూ మెషేనా అని మూడుసార్లు అడిగాను. "అన్నీ మెషే అండీ, మీలాంటివారికి ఇవ్వాలనే ఉంచాను" అన్నాడు. ఆ రాత్రే డబ్బు మొత్తం పంపించాను.

పెట్టె వచ్చింది. స్నేర్ (ఎదురుగా ఉండే ముఖ్యమైన డ్రమ్ము) ప్యాడ్ ఒక్కటే మెష్. చుట్టూ ఉండే మూడు టామ్ డ్రమ్ముల ప్యాడ్లూ రబ్బరు, కాలి పెడల్‌తో కొట్టే కిక్ ప్యాడూ రబ్బరు. సింబల్ (తాళం) ప్యాడ్లు మామూలుగా రబ్బరువే ఉంటాయని నాకు తెలుసు, వాటి గురించి నాకు పేచీ లేదు. ఉన్న ఒక్క మెష్ ప్యాడ్‌లోనూ దెబ్బను పసిగట్టే సెన్సర్ మీది స్పాంజి నలిగి చదునైపోయింది. మెల్లగా కొడితే శబ్దమే రాదు. వినపడాలంటే ఇంకా గట్టిగా కొట్టాలి. మెల్లగా వాయించడం కోసం కొన్న కిట్ గట్టిగా కొట్టమంటోంది! ఏదో పొరపాటు జరిగి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకుని నాలుగు రోజులు దానిమీదే వాయించాను. ఐదో రోజు కలం పట్టుకోలేకపోయాను.

ఫోను చేశాను. గొంతు పెంచలేదు, పొరపాటున వేరే కిట్ పంపినట్టున్నారు అన్నాను. అప్పుడు అతనన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను: "వస్తువులో లోపం ఏమీ లేదండీ, లోపం మీ చేతుల్లో ఉంది. ఈ వయసులో కీళ్ల నొప్పులు పెట్టుకుని డ్రమ్స్ ఎందుకు మీకు?" వెనక ఎవరో నవ్వారు. ఫోను స్పీకరులో పెట్టి మాట్లాడుతున్నాడన్నమాట.

నాకు మాట రాలేదు. డబ్బు పోయినందుకు కాదు. నమ్మి చెప్పుకున్న నొప్పిని మొదట కిట్ అమ్మడానికి వాడుకున్నాడు, తర్వాత దాన్నే నా మీదికి తిప్పాడు. రోజంతా ఎవరెవరి పనులో చక్కబెట్టి, సాయంత్రం ఆ అరగంట హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటాను. ఆ అరగంట ఎందుకో అతను నన్ను అడిగాడు. జవాబు చెప్పకుండా ఫోను పెట్టేశాను. ఆ రాత్రంతా జవాబులు వస్తూనే ఉన్నాయి.

ప్రకటన మళ్ళీ చూస్తే 'మెష్ ప్యాడ్లు' అన్నచోట 'మెష్ స్నేర్' అని మారిపోయి ఉంది. పాతదాన్ని నేను ఫోటో తీసి ఉంచుకోలేదు. మూడుసార్లు అడిగానే గానీ ఒక్కసారైనా రాతపూర్వకంగా అడగలేదు. నెల ఖర్చులు పైసలతో సహా రాసుకునే మనిషిని, ఇంత పెద్ద కొనుగోలును మాట మీద వదిలేశాను. ఈ తప్పు పూర్తిగా నాదే. ప్రకటన ఉన్న ఆన్‌లైన్ వేదికకు ఫిర్యాదు చేస్తే ఆధారం పంపమన్నారు. ఏం పంపను?

కొనేవాళ్లు ప్రతి ప్యాడ్‌నూ విడివిడిగా కొట్టి చూపించే వీడియో అడగండి, మెల్లగా కొట్టింది కూడా అందులో ఉండాలి. ప్రకటన కనపడగానే ఫోటో తీసి దాచుకోండి. మీ నొప్పుల సంగతి అమ్మేవాడికి చెప్పకండి. అన్నట్టు, నొప్పి ఉంది కదా అని మరీ సన్నని పుల్లలు కొనకండి, వాటిని పట్టుకోవడానికి వేళ్లు ఇంకా బిగించాల్సి వస్తుంది. నేను 5ఏ అనే మధ్యరకం మందం పుల్లలకు పట్టుకునే చోట టేపు చుట్టి వాడుతున్నాను, కాస్త నయంగా ఉంది.

ఇంకొక్క విషయం, ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఇదే. నిన్న రాత్రి అతను వేరే పేరుతో ఇంకో కిట్ అమ్మకానికి పెట్టాడు. ఫోటోలో స్నేర్ తప్ప ఏదీ సరిగా కనపడటం లేదు. వివరాల చివర మాత్రం కొత్తగా ఒక వాక్యం చేర్చాడు: 'కీళ్ల నొప్పులున్నవారికి ఎంతో అనువైనది.'