ఇంటర్‌కూలర్‌కు ఫిట్టింగ్: టేపర్ థ్రెడ్ మేలా, ఓ-రింగ్ మేలా?

బయట కొన్న అల్యూమినియం ఇంటర్‌కూలర్ (ఇంజన్లోకి పోయే వేడి గాలిని చల్లబరిచేది) ట్యాంకుకు సెన్సారో, నీళ్ల పైపో బిగించాలంటే ఎక్కువగా వాడేవి రెండు: ఎన్‌పీటీ (అమెరికన్ పైపు థ్రెడ్) అనే, కొస వైపు సన్నబడే టేపర్ థ్రెడ్, లేదా ఓ-రింగ్ వేసే తిన్నటి థ్రెడ్. బంగ్ (ఫిట్టింగ్ ఎక్కడానికి ట్యాంకుకు వెల్డ్ చేసే థ్రెడ్ ముక్క) ఇంకా వెల్డింగ్ కాకపోతే ఓ-రింగ్ రకమే వేయించండి. టేపర్ ఇప్పటికే ఉంటే దాన్ని మార్చే పని లేదు, బిగించే తీరు మాత్రం తెలిసి ఉండాలి.

టేపర్ థ్రెడ్ సీల కొట్టినట్టు పనిచేస్తుంది. 16 మి.మీ. పొడవుకు 1 మి.మీ. చొప్పున వ్యాసం పెరుగుతుంది కాబట్టి, బిగించేకొద్దీ బంగ్‌ను లోపలి నుంచి బయటికి తోస్తుంది. లీకు ఆగలేదని పానా మీద బలం వేస్తే పోత అల్యూమినియం నిలువునా చీలుతుంది. చేత్తో తిరిగినంత తిప్పి, ఆపైన పానాతో ఒకటిన్నర, మహా అయితే రెండు చుట్లు. ఎల్బో కావలసిన వైపుకు రాలేదని వెనక్కి తిప్పారా, సీల్ పోయినట్టే. విప్పి, తుడిచి, సీలెంట్ మళ్లీ పూసి మొదలుపెట్టాలి. ఓ-రింగ్‌లో లాక్‌నట్ ఉన్న ఎల్బో తీసుకుంటే, కావలసిన వైపుకు తిప్పి నట్ బిగించవచ్చు, ఈ బాధే ఉండదు.

3 మి.మీ. ట్యాంకు రేకుకే నేరుగా ట్యాప్ వేయడం (థ్రెడ్ కోయడం) రెండింటికీ తప్పే. 1/8 ఎన్‌పీటీకి అందులో మూడు థ్రెడ్లే దొరుకుతాయి, కావలసింది దాదాపు ఏడు. 1/2, 3/4 సైజుల్లో ఇంకో చిక్కుంది: ఎన్‌పీటీకీ బీఎస్‌పీకీ (బ్రిటిష్ పైపు థ్రెడ్) అంగుళానికి 14 థ్రెడ్లే. ఒకదాంట్లో ఒకటి హాయిగా ఎక్కుతుంది, థ్రెడ్ కోణాలు మాత్రం వరుసగా 60, 55 డిగ్రీలు. ఎంత బిగించినా కారుతుంది.

టేపర్‌కు టెఫ్లాన్ టేప్ కంటే పేస్ట్ సీలెంటే నయం. టేప్ పీలికలు గాలి వైపైతే ఇంజన్లోకి, నీళ్ల వైపైతే పంపులోకి పోతాయి. టేపే వాడాల్సి వస్తే మొదటి రెండు థ్రెడ్లు వదిలి, థ్రెడ్ కొస మీ వైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిశలో రెండు మూడు చుట్లు చుట్టండి.

ఓ-రింగ్‌కూ షరతులున్నాయి. వెల్డింగ్ వేడికి బంగ్ ముఖం వంగినా, దాని మీద అడ్డంగా ఒక్క గీత పడినా సీల్ నిలవదు. గాలి వైపు నూనె ఆవిరి ఉంటుంది కాబట్టి వైటాన్ అనే నూనెకు తట్టుకునే రబ్బరు రింగే వేయాలి, ఈపీడీఎం రకం రబ్బరు ఉబ్బిపోతుంది. కూలెంట్ వైపు ఈపీడీఎం భేషుగ్గా ఉంటుంది, కానీ దానికి నూనె కాకుండా సిలికాన్ గ్రీజు రాయండి.

సీలెంట్ పూర్తిగా ఆరాక, కారులో బిగించేముందే, దారులన్నీ మూసి 15-20 పీఎస్‌ఐ గాలి పెట్టి సబ్బునీళ్లు పూయండి. బుడగ థ్రెడ్ అంచున లేస్తే పావు చుట్టు బిగించి చూడవచ్చు. వెల్డ్ గీత మీద లేస్తే పానా పక్కన పెట్టి, మళ్లీ వెల్డింగ్‌కు పంపాలి.