కంట్రిబ్యూటర్ డే: నాలుగుసార్లు వెళ్లొచ్చాక

వర్డ్‌క్యాంప్‌లో, అంటే వెబ్‌సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ వాళ్ల సమావేశంలో, ప్రసంగాల సంగతి నేను చెప్పను. అవి తర్వాత వర్డ్‌ప్రెస్ టీవీలో తీరిగ్గా చూసుకోవచ్చు. నా బాధ, సంతోషం రెండూ కంట్రిబ్యూటర్ డేతోనే. వచ్చినవాళ్లు టేబుళ్ల వారీగా కూర్చుని వర్డ్‌ప్రెస్‌ని మెరుగుపరిచే రోజు అది.

మొదటిసారి కోర్ టేబుల్ (వర్డ్‌ప్రెస్ అసలు కోడ్ మీద పనిచేసేవాళ్లది) దగ్గర కూర్చున్నాను. "సెటప్ అయితే చాలండీ, మిగతాదంతా సులువే" అన్నారు పక్కాయన. ఆ సెటప్పే, అంటే నా ల్యాప్‌టాప్‌లో వర్డ్‌ప్రెస్‌ని నడిపించుకోవడమే, అవలేదు. డాకర్ దించాలి, నోడ్ దించాలి, రిపోజిటరీ క్లోన్ చేయాలి, ఆపైన ఎన్‌పీఎం ఇన్‌స్టాల్. హాల్లో ఉన్నవాళ్లందరం ఒకే వైఫై మీద అదే పనిలో ఉన్నాం. డౌన్‌లోడ్ సగం దాకా వచ్చి ఆగింది. భోజనం చేసి వచ్చి చూస్తే అక్కడే ఉంది. సాయంత్రం గ్రూప్ ఫోటో దిగేసరికి నేను ఒక్క ప్యాచ్ (కోడ్‌లో చేసే సవరణ) కూడా పెట్టి చూడలేదు. ఫోటోలో మాత్రం బాగానే నవ్వాను.

అయినా ఆ ఏడాది కనిపించినవాళ్లందరికీ "కొత్తవాళ్లు తప్పక వెళ్లాలి" అనే చెప్పాను. ఇప్పుడైతే "ముందే ఇంట్లో అన్నీ దించుకుని" అని కలుపుతున్నాను.

పోయినసారి, ప్యాచ్‌లు సరిగా పనిచేస్తున్నాయో లేదో చూసే టెస్ట్ టేబుల్‌కి మారాను. అక్కడొకమ్మాయి నా ల్యాప్‌టాప్‌లో వర్డ్‌ప్రెస్ ప్లేగ్రౌండ్ తెరిచి, ఒక ప్యాచ్‌కి గిట్‌హబ్‌లో ఉన్న పుల్ రిక్వెస్ట్ నంబరు కొట్టింది. అంతే, ఆ ప్యాచ్ పెట్టిన సైటు బ్రౌజర్‌లోనే తయారు! పీహెచ్‌పీని వెబ్‌అసెంబ్లీ రూపంలో బ్రౌజర్లోనే నడిపిస్తారు కాబట్టి సర్వర్ అక్కర్లేదు, డాకర్ అక్కర్లేదు. మెనూ మూయగానే కీబోర్డ్ ఫోకస్ ఎటో వెళ్లిపోయే బగ్ అది. ప్యాచ్ లేకుండా ఒకసారి, ప్యాచ్‌తో ఒకసారి ట్యాబ్ కీ నొక్కుతూ పోయాను. బ్రౌజర్, పీహెచ్‌పీ వెర్షన్, థీమ్, ఏ వరసలో ఏం నొక్కాను, ఏం జరగాలి, ఏం జరిగింది, రెండు స్క్రీన్‌షాట్లు. ఆ బగ్‌ని నమోదు చేసిన ట్రాక్ టికెట్‌లో ఇంతే రాశాను.

కొన్ని వారాలకు, ఆ ప్యాచ్‌ని వర్డ్‌ప్రెస్‌లో కలిపిన కమిట్ సందేశంలో, సాయపడినవాళ్ల పేర్లు చెప్పే 'ప్రాప్స్' అన్నచోట, వరుస పేర్ల చివర నా యూజర్‌నేమ్! కోడ్ ఒక్క లైను రాయలేదు నేను. ఇంట్లో చూపిస్తే "ఇందులో నువ్వెక్కడున్నావ్?" అని వెతుక్కున్నారు.

ప్లేగ్రౌండ్‌ని మరీ ఆకాశానికెత్తేయను. మామూలుగా అది ఎస్‌క్యూలైట్ డేటాబేస్ మీద నడుస్తుంది, మన సైట్లేమో మైఎస్‌క్యూఎల్ మీదో మరియాడీబీ మీదో. డేటాబేస్ బగ్గులకి మళ్లీ డాకరే గతి. పైగా ఆరోజే నేను పరీక్షించిన ఇంకో టికెట్‌కి, ప్యాచ్ పాతబడిపోయి 'నీడ్స్ రిఫ్రెష్' ముద్ర పడింది. ఇప్పటికీ కదల్లేదు.

2014లో వర్డ్‌ప్రెస్ సహ వ్యవస్థాపకుడు మాట్ ముల్లెన్‌వెగ్, కంపెనీలు తమ శ్రమలో 5 శాతం వర్డ్‌ప్రెస్‌కి ఇవ్వాలన్నారు. మా ఆఫీసుకి ఆ మాట ఇంకా వినపడలేదు. నేను వెళ్లేది సొంత సెలవు పెట్టుకునే. నాలాంటివాళ్లకైతే టెస్ట్ టేబుల్ చాలు. జీతంతోపాటు ఈ పనికి టైమ్ కూడా దొరికేవాళ్లకి కోర్ టేబులే నచ్చుతుందేమో, మొదటిరోజు నా పక్కన కూర్చున్నాయనలాగా.