డబ్బా మీద 750 వాట్లు, లెక్కేస్తే 456: పవర్ సప్లై కొనేవాళ్లు జాగ్రత్త

ఓవర్‌క్లాక్ చేసిన, అంటే ప్రాసెసర్ వేగాన్ని కంపెనీ పెట్టినదానికన్నా పెంచిన కంప్యూటర్‌కి పవర్ సప్లై కొనబోతున్నారా? ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి. మూడు నెలలు నేను పడ్డ తిప్పలు ఇంకొకరు పడకూడదని రాస్తున్నాను.

నా ప్రాసెసర్‌ని 4.2 గిగాహెర్ట్జ్ నుంచి 4.8కి పెంచాను. అందుకోసం కోర్ వోల్టేజ్‌ని 1.20 నుంచి 1.35కి తీసుకెళ్లాల్సి వచ్చింది. పాత పవర్ సప్లై చాలదేమోనని 750 వాట్లది కొత్తగా తీసుకున్నాను. మొదటి వారం బాగానే నడిచింది. ఆ తర్వాత గేమ్ మధ్యలో సిస్టమ్ ఠక్కున ఆగిపోవడం మొదలైంది. బ్లూ స్క్రీన్ రాదు, ఎర్రర్ మెసేజ్ ఉండదు. పవర్ బటన్ ఎంత నొక్కినా లేవదు. వెనకాల స్విచ్ ఆపి, కాసేపాగి మళ్లీ వేస్తేనే వస్తుంది.

కొత్తది కదా అని పవర్ సప్లై మీద అనుమానమే రాలేదు. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ రాత్రంతా పెట్టాను, విండోస్ మళ్లీ ఎక్కించాను, థర్మల్ పేస్ట్ మార్చాను. ఒక స్నేహితుడి గ్రాఫిక్స్ కార్డ్ అడిగి తెచ్చి పెట్టినా అదే కథ. విండోస్ లాగ్‌లు చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో ప్రతిసారీ కెర్నల్ పవర్ 41 అని కనిపించేది. విండోస్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే దానర్థం. ఎందుకు ఆగిందో అది చెప్పదు.

అసలు ఆధారం నా కళ్ల ముందే ఉంది, నేనే పట్టించుకోలేదు. ఓవర్‌క్లాక్ నిలకడగా లేకపోతే మామూలుగా బ్లూ స్క్రీన్ వస్తుంది, లేదా ఫ్రీజ్ అవుతుంది, లేదా గేమ్ దానంతటదే మూసుకుపోతుంది. స్విచ్ ఆపి వేస్తే తప్ప లేవట్లేదంటే చాలావరకు పవర్ సప్లైలోని రక్షణ సర్క్యూట్ ట్రిప్ అయి కరెంటు ఆపేసిందనే అనుకోవాలి.

బయోస్‌లో (మదర్‌బోర్డ్ సెట్టింగుల్లో) అన్నీ డిఫాల్ట్‌కి మార్చి, అంటే ఓవర్‌క్లాక్ తీసేసి చూశాను. రెండు రోజుల్లో ఒక్కసారి కూడా ఆగలేదు. "అయితే తప్పు ఓవర్‌క్లాక్‌దే" అన్నాడు స్నేహితుడు. సగమే నిజం. ప్రాసెసర్ తాగే పవర్ ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది, వోల్టేజ్ వర్గంతోనూ పెరుగుతుంది. నా అంకెలతో లెక్కేస్తే దాదాపు 45 శాతం ఎక్కువ. అంటే 125 వాట్లు తీసుకునేది 180 దాకా వెళ్తుంది. నిజంగా 750 వాట్లు ఇవ్వగలిగేదానికి అదొక లెక్కా?

అప్పుడు మల్టీమీటర్ తీశాను. ఖాళీగా వేలాడుతున్న నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టర్‌లో నల్ల ప్రోబ్ నల్ల వైరుకీ, ఎర్ర ప్రోబ్ పసుపు వైరుకీ పెట్టాను. రెండు ప్రోబ్‌లూ ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి. ఏ పనీ లేకుండా డెస్క్‌టాప్ మీద ఉన్నప్పుడు 11.94 వోల్ట్లు. మళ్లీ ఓవర్‌క్లాక్ పెట్టి, ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డ్‌కీ ఒకేసారి స్ట్రెస్ టెస్ట్ వేశాను. 11.61, 11.42, 11.23... అంతే, స్క్రీన్ నల్లబడింది. పీసీ పవర్ సప్లైలకుండే ఏటీఎక్స్ 2.x ప్రమాణం ప్రకారం 12 వోల్ట్ల లైను 11.40 కంటే దిగకూడదు. అదే సమయంలో సాఫ్ట్‌వేర్ 11.9 అని చూపిస్తోంది. దాన్ని నమ్ముకుంటే ఇంకో మూడు నెలలు పోయేవి.

స్క్రూలు విప్పి దాన్ని బయటికి తీసి లేబుల్ చూశాను. స్టిక్కర్ ఉన్న వైపు కేబినెట్ గోడకు ఆనుకుని ఉండటంతో అన్నాళ్లూ కనబడలేదు. పెద్ద అక్షరాల్లో 750, కింద చిన్న అక్షరాల్లో 'పీక్', అంటే కాసేపు మాత్రమే ఇవ్వగలిగేది. 12 వోల్ట్ల గడిలో 38 ఆంపియర్లు. వోల్ట్లని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు: పన్నెండు ముప్పై ఎనిమిదులు 456. ఈ రోజుల్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ రెండూ దాదాపు మొత్తం ఈ 12 వోల్ట్ల లైను మీదే బతుకుతాయి. మంచి 750 వాట్ల దాంట్లో ఈ గడిలో 60 ఆంపియర్లకు పైనే ఉంటుంది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. లేబుల్ ఫోటో పెట్టని పేజీలో పవర్ సప్లై కొనకండి. 80 ప్లస్ గుర్తు ఉంటే చాలని కూడా అనుకోవద్దు. అది ఎఫిషియెన్సీ గురించి చెబుతుంది కానీ రక్షణ సర్క్యూట్ల గురించి కాదు. మోడల్ పేరు 80 ప్లస్ వాళ్ల జాబితాలో నిజంగా ఉందో లేదో వెతికి చూసుకోండి.

అమ్మినవాళ్లు "ఓవర్‌క్లాక్ చేశారు కాబట్టి వారంటీ వర్తించదు" అన్నారు. నేను పెంచింది ప్రాసెసర్‌ని, పవర్ సప్లైని కాదు కదా అని రాశాను. లేబుల్ ఫోటో, మల్టీమీటర్ వీడియో పంపిన తర్వాత జవాబు రావడమే ఆగిపోయింది. మీరైతే రిటర్న్ గడువు దాటకముందే ఫుల్ లోడ్ టెస్ట్ చేసి, వీడియో తీసి పెట్టుకోండి.

మార్చేటప్పుడు ఇంకో ప్రమాదం తృటిలో తప్పింది. పాత మాడ్యులర్ (విడిగా ఊడదీయగలిగే) కేబుల్స్ అలాగే ఉంచి కొత్తదానికి తగిలించబోయాను. ప్లగ్ చక్కగా పడుతుంది, కానీ పవర్ సప్లై వైపు పిన్నుల అమరిక ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. 5 వోల్ట్లు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్తే డిస్క్‌లు కాలిపోతాయి. కొత్తదానితో వచ్చిన కేబుల్సే వాడండి. పాతదాన్ని విప్పి చూడాలని మాత్రం అస్సలు అనుకోవద్దు. ప్లగ్ పీకేసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్ట్లకు పైగా ఉండిపోవచ్చు.

ఇప్పుడున్నది 62 ఆంపియర్లది. అదే ఓవర్‌క్లాక్, అదే టెస్ట్, మీటర్ 11.97 దగ్గర నిలబడింది. పాతదాని మీద మార్కర్‌తో '38 ఆంపియర్లే' అని రాసి అటక మీద పెట్టాను. ఎవరడిగినా ఇవ్వను.