హామ్‌లిబ్‌తో రిమోట్ రిగ్: ఏళ్ల తరబడి వాడాక

హామ్ రేడియో కోసం వాడే నా హెచ్‌ఎఫ్ రిగ్ (షార్ట్‌వేవ్‌లో పంపే, వినే రేడియో సెట్టు) పక్కన రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్, అందులో రిగ్‌లను కంప్యూటర్‌తో నడిపే సాఫ్ట్‌వేర్ హామ్‌లిబ్ వాళ్ల సర్వర్ రిగ్‌సీటీఎల్‌డీ, రిగ్‌కూ ఆ కంప్యూటర్‌కూ మధ్య ఒక యూఎస్‌బీ కేబుల్. నేనెక్కడున్నా ల్యాప్‌టాప్ నుంచి వీపీఎన్ (ఇంటర్నెట్‌లో బయటివాళ్లు చొరబడలేని సొంత దారి) మీదుగా 4532 పోర్టుకు కనెక్టై ఫ్రీక్వెన్సీ, మోడ్, పీటీటీ (ట్రాన్స్‌మిట్ మీట) నడిపిస్తాను. సాఫ్ట్‌వేర్ సంగతి ఒక్క మాటలో చెప్పాలంటే, నమ్మొచ్చు. తలనొప్పంతా ఆ జానెడు కేబుల్‌తోనే.

రిగ్ పలకడం మానేస్తే చాలామంది ముందు ఇంటర్నెట్‌ను తిడతారు. తిట్టే ముందు తెర మీద ఏం వచ్చిందో చూడండి. ‘ఆర్‌పీఆర్‌టీ -5’ అని ఉంటే టైమౌట్ అన్నమాట. అసలు ఆ జవాబు మీదాకా వచ్చిందంటేనే నెట్ బాగున్నట్టు! మీ మాట సర్వర్‌కు చేరింది, సర్వర్ మాటకే రిగ్ బదులివ్వలేదు. మొదటి రోజునుంచీ ఇదే వరస అయితే సర్వర్‌కు ఇచ్చిన బాడ్ రేటో (కేబుల్ మీద డేటా వేగం), రిగ్ మోడల్ నంబరో సరిపోలేదు. నిన్నటిదాకా పనిచేసి ఇవాళ ఆగితే మాత్రం సెట్టింగులు కెలక్కండి, వైరు చూడండి.

నా దగ్గర జరిగింది అదే. 40 మీటర్ల బ్యాండ్‌లో 10 వాట్లకు బుద్ధిగా ఉండే లింకు, 100 వాట్లకు పెంచగానే తెగిపోయేది. పైలోని లైనక్స్ కెర్నల్ లాగ్‌లో యూఎస్‌బీ డిస్‌కనెక్ట్, ఆ వెంటనే అదే రిగ్ టీటీవైయూఎస్‌బీ0 బదులు టీటీవైయూఎస్‌బీ1 అనే పోర్టు పేరుతో ప్రత్యక్షం. సర్వరేమో పాత పేరునే పట్టుకుని కూర్చుంది. యాంటెన్నా తీసి డమ్మీ లోడ్ (పవర్‌ను గాల్లోకి వదలకుండా వేడిగా మార్చే రెసిస్టర్) పెట్టి అవే 100 వాట్లు ఇస్తే ఏమీ కాలేదు. అంటే యాంటెన్నాకు వెళ్లే కోయాక్స్ కేబుల్ పైపొర వెంట ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల కరెంటు) వెనక్కి వచ్చి యూఎస్‌బీని చెడగొడుతోంది. మిక్స్ 31 రకం ఫెర్రైట్ (ఆర్‌ఎఫ్‌ను అడ్డుకునే అయస్కాంత పదార్థం) రింగులో యూఎస్‌బీ కేబుల్‌ను నాలుగైదు చుట్లు తిప్పితే కొంత తగ్గింది. కోయాక్స్ యాంటెన్నాను కలిసే ఫీడ్ పాయింట్ దగ్గర, పైపొర కరెంటును ఆపే కామన్ మోడ్ చోక్ పెట్టాకే పూర్తిగా పోయింది. సర్వర్‌కు పోర్టు పేరు కూడా లైనక్స్‌లో పరికరం గుర్తింపును బట్టి ఉండే ‘బై-ఐడీ’ దారిలోది ఇచ్చాను, నంబరు మారినా అది మారదు.

కేబుల్ ఊడితే విసుగు మాత్రమే, రిగ్ ట్రాన్స్‌మిట్‌లో ఇరుక్కుపోతే మాత్రం అసలైన టెన్షన్. దూరాన ఉన్నప్పుడు పరిగెత్తుకెళ్లి స్విచ్ తీయలేం కదా. లైనక్స్‌లో సీరియల్ పోర్టు తెరవగానే డీటీఆర్, ఆర్‌టీఎస్ అనే సంకేత లైన్లు ఆన్ అవుతాయి. రిగ్ మెనూలో ఆ లైన్లలో ఏదో ఒకటి పీటీటీకి కేటాయించి ఉంటే, రాస్ప్‌బెర్రీ పై రీబూట్ అయి సర్వర్ లేచిన ప్రతిసారీ రిగ్ తనంతట తాను ట్రాన్స్‌మిట్‌లోకి వెళ్తుంది. మెనూలో వాటిని ఆఫ్ చేసి పీటీటీని క్యాట్ కమాండ్‌తోనే (కంప్యూటర్ కేబుల్ మీదుగా రిగ్‌కు పంపే ఆదేశం) ఇవ్వండి. పీటీటీ నొక్కి ఉండగా లింకు పోతే ‘వదులు’ అనే కమాండ్ రిగ్‌కు చేరదు. అందుకని రిగ్‌లోని టైమౌట్ టైమర్‌ను (గడువు దాటితే ట్రాన్స్‌మిట్‌ను ఆపేది) 3 నిమిషాలకు పెట్టుకున్నాను. ఇవన్నీ చేతులెత్తేసినా 13.8 వోల్టుల సప్లైని ఆపడానికి ఈ పైతో సంబంధం లేని స్విచ్ ఒకటి విడిగా ఉంది. అది లేకుండా రిమోట్ మొదలుపెట్టొద్దంటాను.

ఎఫ్‌టీ8 అనే డిజిటల్ మోడ్ కోసం డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ ప్రోగ్రామ్‌ను రిగ్ దగ్గరి రాస్ప్‌బెర్రీ పైలోనే నడిపి తెరను మాత్రం ఇటు తెచ్చుకుంటే ఆడియోను నెట్ మీద పంపే గొడవ ఉండదు.

లోపాలు లేకపోలేదు. రిగ్‌సీటీఎల్‌డీకి మామూలుగా పాస్‌వర్డ్ ఉండదు. పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు తెరిస్తే దారినపోయే ఎవడైనా మీ కాల్‌సైన్‌తో (లైసెన్సు గుర్తింపు పేరు) ట్రాన్స్‌మిట్ చేయొచ్చు, కాబట్టి వీపీఎన్ తప్పనిసరి. మాట్లాడే మోడ్‌లకు ఆడియో దారి వేరే వెయ్యాలి. వాటర్‌ఫాల్ (బ్యాండ్‌లోని సిగ్నళ్లను చూపే కదిలే బొమ్మ) చూస్తూ బ్యాండంతా తిరగడం ఇష్టమైనవాళ్లు నేరుగా నెట్‌వర్క్‌కు తగిలించే ల్యాన్ పోర్టున్న రిగ్ తీసుకోవడమే మేలు.